రైలు స్టేషన్ల పొడుపు కథలు – ఊరి పేరు విప్పుదాం రండి!

ఈ నెల కుటుంబ పుటలో ఒక చిన్న ఆటను గూర్చి వ్రాయదలచాము. దీనికి పైసా ఖర్చు లేదు. బోర్డూ గవ్వలూ అక్కరలేదు. కావలసినవి రెండే – ఒక రైలు ప్రయాణం, పక్కన కూర్చున్న ఒక మనవడో మనవరాలో. ప్రయాణం లేని రోజున గోడమీది రైల్వే మ్యాపు అయినా చాలు.

మొదట ఒక పొడుపు వేస్తాము, చెప్పుకోండి.

"డాక్టరు తగ్గించుకోమన్నది ముందు, ఊరు వెనుక. గోదావరి ఒడ్డున కూర్చుంది. ఏ స్టేషను?"

డాక్టరు తగ్గించుకోమన్నది కొవ్వు. వెనుక ఊరు. కలిపితే కొవ్వూరు. గోదావరి వంతెనకు అవతలి వైపు రాజమండ్రి, ఇవతలి వైపు కొవ్వూరు. ఆ దారిన నూరుసార్లు వెళ్ళినవారికి కూడ ఈ పొడుపు విన్నాక ఆ పేరులో కొవ్వు కనబడుతుంది. అంతవరకు అది పేరు మాత్రమే.

పల్లెల్లో పెద్దవాళ్ళు దీనిని పొడుపు కథ అంటారు. మన తెలుగు బైబిలులో సమ్సోను వేసిన దానిని విప్పుడు కథ అన్నారు (న్యాయాధి. 14). ఒకే వస్తువుకు ఈ రెండు పేర్లు ఎంత చక్కగా అమరినవో చూడండి. వేసేవాడి వైపు నుండి అది పొడుపు, జవాబు చెప్పేవాడి వైపు నుండి అది విప్పుడు. ముడి వేయడం సులభమే. ముడి విప్పడంలోనే బుద్ధికి పని. జ్ఞానుల మాటలను, గూఢవాక్యములను గ్రహించడం కూడ తన గ్రంథము యొక్క ఉద్దేశములలో ఒకటని సామెతలు మొదటి అధ్యాయములో చెప్పబడింది. షేబదేశపు రాణి సొలొమోనును పరీక్షించింది గూఢమైన ప్రశ్నలతోనే (1 రాజులు 10). కనుక ఈ ఆట భక్తికి పరాయిదేమీ కాదు.

విప్పే దారులు నాలుగు

స్టేషన్ల పేర్లను పొడుపుగా మార్చడానికి నాలుగు దారులున్నాయి. పిల్లలు ఒకసారి పట్టుకుంటే తరువాత మనకే పొడుపులు వేస్తారు.

మొదటి దారి: పేరంతా ఒకే మాట. అనకాపల్లి దాటి విశాఖపట్నం వెళ్ళేదారిలో తాడి ఉంది. "కొమ్మలు లేని చెట్టు, రైలు అక్కడ ఆగుతుంది" అంటే చాలు, పల్లెటూరి పిల్లవాడు వెంటనే చెబుతాడు. పట్నంలో పెరిగిన పిల్లకు తాటిచెట్టును చూపించి చెప్పాలి.

రెండవ దారి: పేరును రెండుగా విడదీయడం. గూడు, ఊరు కలిస్తే గూడూరు – "పిట్ట కాపురముండే ఊరు". ఏలు, ఊరు కలిస్తే ఏలూరు – "రాజు చేసే పని ముందు, రాజు చేసే చోటు వెనుక". సామర్లకోట నుండి రాజమండ్రి వెళ్ళే దారిలో ద్వారపూడి అనే స్టేషనుంది – "తలుపు ఉండేది, మట్టితో కప్పేశారు". అదే దారిలో మేడపాడు – "కట్టినప్పుడు ఎత్తుగా ఉండేది, ఇప్పుడు శిథిలం".

మూడవ దారి: ఒక అక్షరం తీయడం, లేదా చేర్చడం. "మూడక్షరాల ఊరు, నడుమ అక్షరం తీసినా సత్తువ తగ్గదు." జవాబు పలాస, 'లా' తీస్తే మిగిలేది పస. "తల తీసినా గెలుపు గెలుపే, ఇలాంటి స్టేషన్లు రెండున్నాయి." విజయవాడ, విజయనగరం, 'వి' తీసినా జయమే. నెల్లూరు దారిలోని కావలికి ఈ దారి మరీ బాగా కుదురుతుంది – "మామూలుగా పలికితే కాపలా కాస్తుంది, నడుమ దీర్ఘం పెడితే చేయి చాచి అడుగుతుంది." కావలి, కావాలి.

నాలుగవ దారి: ఆ ఊరి సరుకును తెలిసి పొడవడం. "ముందు కట్టుకునేది ఉంది, ఊరినిండా దానిని నేసేవాళ్ళున్నారు" అంటే చీరాల. "కొండ ఉంది, పల్లి ఉంది, బొమ్మ మాత్రం పేరులో కనబడదు" అంటే కొండపల్లి. ఇటువంటి పొడుపు విప్పాలంటే మాట తెలిస్తే చాలదు, ఆ ఊరివాళ్ళు ఏ పనిచేసి బ్రతుకుతున్నారో తెలియాలి. అందుకే మాకు ఈ నాలుగవ దారి అంటే ఎక్కువ ఇష్టం.

పొడవైన పేర్లు కూడ పిల్లలకు సరదా. రేణిగుంట నుండి అరక్కోణం వెళ్ళే దారిలో వెంకటనరసింహరాజువారిపేట అనే చిన్న స్టేషనున్నది. వేళ్ళు మడిచి లెక్కించమనండి – తెలుగులో 13 అక్షరాలు. 2019లో చెన్నై సెంట్రల్ స్టేషనుకు ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టేవరకు మన దేశంలో అన్నిటికంటె పొడవైన స్టేషను పేరుగా దీనినే చెప్పేవారు. అన్నిటికంటె చిన్నదిగా ఒడిశాలోని ఇబ్ అనే స్టేషనును చెబుతారు. అంత చిన్న స్టేషనుకు అంత పెద్ద పేరు, ఒక నది పక్కనున్న స్టేషనుకు నోరు తెరిచి మూసేంత పేరు!

ఇంగ్లీషు వరుస చదివితే విప్పలేము

మన స్టేషన్ల పసుపు పచ్చని బోర్డు మీద నల్లని అక్షరాలతో పేరు మూడు భాషల్లో ఉంటుంది – ఆ రాష్ట్రపు భాష, హిందీ, ఇంగ్లీషు. రైలు వేగంగా దాటిపోయేటప్పుడు మనలో చాలామంది పిల్లల కన్ను ఇంగ్లీషు వరుస మీదనే పడుతుంది.

మా సంఘములోని ఒక పెద్దమ్మగారు తన మనవరాలితో తెనాలి నుండి నెల్లూరు వెళుతూ ఈ ఆట ఆడించింది. పాప హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నది. కావలి స్టేషను రాగానే పాప బోర్డు చూచి "కవాలి" అన్నది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పెద్దమ్మగారు నవ్వలేదు. "అమ్మడూ, ఆ వరుస వద్దు, తెలుగు వరుస చదువు" అన్నది. పాప కూడబలుక్కున్నది: "క కు దీర్ఘం కా... వ... లి." అప్పుడు పెద్దమ్మగారు కాపలా పొడుపు వేసింది. పాప విప్పింది. నెల్లూరు చేరేలోగా ప్రతి బోర్డునూ తెలుగులోనే చదువుతానని పట్టుపట్టిందట.

ఇందులో ఉన్న సంగతిని తల్లిదండ్రులు గమనించాలి. ఇంగ్లీషు వరుసలో హ్రస్వమేదో దీర్ఘమేదో తెలియదు. తాడి అని చదవాలో తడి అని చదవాలో ఆ అక్షరాలు చెప్పవు. 'ద' యో 'డ' యో చెప్పవు. పొడుపు ముడి పడేది సరిగా ఆ దీర్ఘం దగ్గరే, ఆ 'డ' దగ్గరే. కనుక తెలుగు అక్షరాలు రానివారికి ఈ ఆటలో తాళంచెవి లేనట్లే.

ఇది ఆటతో పోయే సంగతి కాదు. కుటుంబ ప్రార్థనలో వంతుల ప్రకారం వచనాలు చదివేటప్పుడు ఏమి జరుగుతున్నదో మనకు తెలుసు. తాతగారు చదువుతారు, నాయనమ్మ చదువుతుంది, తండ్రి చదువుతాడు. పిల్లల వంతు వచ్చేసరికి "వాడికి తెలుగు రాదు లెండి" అని పక్కకు దాటవేస్తాము. కొన్నాళ్ళకు ఆ పిల్లవాడే తన వంతు రాకముందు లేచి వెళ్ళిపోతాడు. నాయనమ్మ ఏ మాటలతో కన్నీటి ప్రార్థన చేసిందో ఆ మాటలు మనవడికి అందవు. ఆమె గతించిన తరువాత ఆమె బైబిలు బీరువాలో ఉంటుంది. దాని అంచున ఆమె వ్రాసుకున్న మాటలు చదివేవారు ఇంట్లో ఉండరు. ఇంగ్లీషు చదువు వద్దని మేము అనము. ఆ చదువు మన పిల్లలకు అన్నం పెడుతున్నది. కాని నాయనమ్మకు మనవడికి నడుమ ఒక వంతెన నిలిచియుండాలి కదా. దానికి బడి, పుస్తకం, బెత్తం అన్నిటికంటె ముందు ఒక నవ్వు కావాలి. స్టేషను బోర్డు మీద నాలుగు అక్షరాలు చదివి నవ్విన పిల్లవాడు కీర్తనల గ్రంథములో నాలుగు వచనాలు చదవడానికి భయపడడు.

ఆట వేరు, చరిత్ర వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. పొడుపులో మనము విడదీసిన అర్థం ఆ ఊరికి పేరు వచ్చిన కారణం కాదు. పిల్లలకు ఈ తేడా మొదటి రోజే చెప్పాలి.

మేడపాడులో మేడ పాడైపోలేదు. ఊరి పేర్ల చివర వచ్చే 'పాడు'కు పాత తెలుగులో పల్లె అని అర్థం. ఉలవపాడు, పడుగుపాడు అన్నీ ఆ కోవవే. ద్వారపూడిలో ఎవరూ తలుపు పూడ్చలేదు. 'పూడి' కూడ ఊరే. గొల్లప్రోలు, అమ్మనబ్రోలు, నిడుబ్రోలు అనే పేర్లలోని 'ప్రోలు'కు పట్టణమని అర్థం. గుంతకల్లు అనగానే పిల్లలు "గుంతలో కల్లు!" అని నవ్వుతారు, మద్యపాన నిషేధాన్ని గూర్చి ప్రసంగించే మాబోటి వాళ్ళను ఓరకంట చూస్తారు. కాని కన్నడంలో కల్లు అంటే రాయి. ఓరుగల్లును ఏకశిలానగరమని పిలవడంలోనూ ఉన్నది ఆ రాయే. నెల్లూరు సంగతి చూడండి – నెల్లు అంటే వరి గనుక ఆ పేరు వచ్చిందని కొందరు, నెల్లి అంటే ఉసిరి చెట్టు గనుక వచ్చిందని కొందరు చెబుతారు. ఊరి పేరు ఒక్కొక్కప్పుడు పండితులకు కూడ పొడుపు కథే.

ఊరు మారినా పాత పేరు దాక్కుని ఉండడం కూడ చూడవచ్చును. విజయవాడ స్టేషనుకు రైల్వేవారి గుర్తు బీ జెడ్ ఏ. విజయవాడ అనే పేరులో ఆ అక్షరాలు ఎక్కడున్నాయని పిల్లలను అడగండి. అవి బెజవాడలో ఉన్నాయి. ఊరు పేరు మార్చుకున్నా టిక్కెట్టు మీద పాత పేరు ఇంకా ప్రయాణం చేస్తూనే ఉన్నది.

ప్రవక్తలు కూడ ఊరి పేర్లను విప్పారు

ఊరి పేర్లతో మాటలాడడం మనము కనిపెట్టినది కాదు. దేవుని ప్రవక్తలు దానిని మహా గంభీరమైన పనికి వాడారు.

మీకా గ్రంథము మొదటి అధ్యాయము 10వ వచనము నుండి 15వ వచనము వరకు తెరిచి చూడండి. వరుసగా ఊరి పేర్లు వస్తాయి. తెలుగులో చదివితే అవి నోరు తిరగని పేర్ల పట్టికలాగ ఉంటాయి; చాలామంది అక్కడ గబగబా దాటిపోతారు. హెబ్రీ భాషలో విన్నవారికి అక్కడ ప్రతి పేరూ పగిలి అందులోనుండి ఒక అర్థం బయటపడుతుంది. బేత్లెయఫ్రా అనే పేరులో 'అఫార్', అంటే ధూళి, వినబడుతుంది. ఆ ఊరిని గూర్చి చెప్పేటప్పుడు ప్రవక్త ధూళిలో పొర్లడాన్ని తలచుకుంటాడు. షాఫీరు అంటే అందం. దానికి సిగ్గు, దిగంబరత్వం కలుగుతాయంటాడు. జయనానులో బయటికి వెళ్ళడం అనే మాట వినబడుతుంది. ఆ ఊరివారు బయటికి రారంటాడు. మారోతులో చేదు ఉన్నది. ఆ ఊరు మేలుకోసం ఎదురుచూచి కీడు పొందింది. లాకీషుకు 'రెకెష్', అంటే గుర్రాలు, దగ్గరగా పలుకుతుంది. రథములకు గుర్రాలను కట్టమంటాడు. అక్జీబులో 'అక్జాబ్', అంటే మోసం. ఆ ఊరి ఇండ్లు రాజులను మోసగిస్తాయంటాడు.

తెలుగు అనువాదములో ఈ శబ్దాలు అందవు. అది అనువాదకుల లోపం కాదు, ఏ భాషలోనూ అందవు. మన స్టేషన్లతో చెప్పుకుంటే ఆ దెబ్బ ఎలా తగిలి ఉంటుందో కొంత తెలుస్తుంది. ఒక ప్రవక్త వచ్చి, "కావలి వారలారా, మీకు కావలివాడు లేడు, గూడూరు వారలారా, మీ గూడు చెదిరెను, ఏలూరు వారలారా, మిమ్మును ఏలువాడు పారిపోయెను" అని ఏడుస్తూ కేకవేస్తే ఎలాగుండును? అప్పుడు ఎవరూ నవ్వరు. తన ఊరి పేరు విన్నవాడి గుండె ఆగిపోతుంది.

ఇక్కడ మరువకూడని సంగతి ఒకటున్నది. మీకా ఎక్కడో యెరూషలేము రాజగృహంలో కూర్చుని పల్లెటూళ్ళ పేర్లను ఎగతాళి చేయలేదు. ఆయన మోరెషెతు ఊరివాడు. ఆ ఊరి పేరు కూడ ఆ పట్టికలోనే ఉన్నది. ఆ పేర్లలో చాలావరకు ఆయన పొరుగూళ్ళవి, బంధువుల ఊళ్ళవి. క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు ఆ ప్రాంతం మీదికి వచ్చి లాకీషును పట్టుకున్నాడు. ఆ ముట్టడిని రాతిపలకలపై చెక్కించి నీనెవెలోని తన నగరు గోడలకు అమర్చుకున్నాడు. ఆ శిల్పాలను ఇప్పటికీ లండనులోని బ్రిటిష్ మ్యూజియములో చూడవచ్చును. చెరగా పోతున్న స్త్రీలు పిల్లలు అందులో కనబడతారు. మీకా పేర్లను విప్పింది వారికోసము. దిగంబరినై, నక్కలవలె అరచెదనని ముందు చెప్పి (1:8), ఆ తరువాతనే పేర్లు ఎత్తుకున్నాడు.

యిర్మీయాకు దేవుడు బాదముచెట్టు చువ్వను చూపించినప్పుడు కూడ ఇదే జరిగింది (యిర్మీయా 1:11, 12). హెబ్రీలో బాదము 'షాకేద్'. మెలకువగా చూచేవాడు 'షోకేద్'. దేవుడు తన మాట నెరవేర్చడానికి మెలకువగా ఉన్నాడన్నది ఆ దర్శనపు విప్పుడు. ఒక దీర్ఘం మారితే కావలి కావాలి అయినట్లు, ఒక అచ్చు మారి బాదము మెలకువ అయింది. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు; ఆ రొట్టెల ఇంట కరువు వచ్చి నయోమి కుటుంబం మోయాబుకు పోయింది. రూతు గ్రంథమంతా ఆ పొడుపుతో మొదలై బేత్లెహేము యవల కోతలో విప్పుకుంటుంది.

పేరు వెనుక మనుష్యులున్నారు

సమ్సోను విప్పుడు కథ ఎందుకు చెడిపోయిందో పిల్లలకు చెప్పాలి. అందులో తెలివి ఉంది, కాని పందెం కూడ ఉంది – ముప్పది వస్త్రాల పందెం. జవాబు తెలియనివారు అతని భార్యను బెదిరించి రాబట్టారు. ఆ పందెం తీర్చడానికి అతడు అష్కెలోనులో ముప్పదిమందిని చంపాడు. పెండ్లి విందులో వేసిన పొడుపు రక్తంతో ముగిసింది. అవతలివాడిని ఓడించడానికి వేసిన పొడుపు ఆట కాదు, ఆయుధం.

పేర్లతో ఆడేటప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బాపట్లకు చీరాలకు నడుమ స్టువర్టుపురం అనే స్టేషనున్నది. ఈ పేరుకు తెలుగులో విడదీసే అర్థం లేదు. మద్రాసు ప్రభుత్వములో పనిచేసిన హెరాల్డ్ స్టువర్టు అనే దొరగారి పేరది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలలో పుట్టిన ప్రతి బిడ్డనూ పుట్టుకతోనే దొంగ అని వ్రాసివేసింది. ఆ చట్టం క్రింద 1910ల్లో ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి ఈ సెటిల్‌మెంటు ఏర్పాటు చేసి దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీవారికి అప్పగించారు. చట్టం 1952లో రద్దయింది. పేరు మీది మచ్చ రద్దు కాలేదు. సినిమాలు, కథలు ఆ పేరును దొంగ అనే మాటకు మారుపేరు చేశాయి. ఆ ఊరి నుండి చదువుకొని ఉద్యోగాలకు వెళ్ళిన యువకుడు "మీదే ఊరు?" అన్న ప్రశ్నకు పక్క ఊరి పేరు చెప్పవలసి వచ్చిందంటే, అక్కడ ఏ పొడుపూ లేదు, పోటు మాత్రమే ఉంది. ఆ ఊరివారి మార్పు కోసం హేమలతా లవణం గారి వంటివారు ఏండ్ల తరబడి శ్రమించారు. అటువంటి శ్రమను ఒక వెకిలి నవ్వు ఒక్క నిమిషములో త్రోసివేస్తుంది.

మన ప్రభువునకు కూడ ఇటువంటి ఊరి పేరే కలిగింది. నజరేతులోనుండి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు అడిగాడు (యోహాను 1:46). అతడు చెడ్డవాడు కాదు. కపటము లేనివాడని ప్రభువే సాక్ష్యమిచ్చాడు. అయినా ఒక ఊరి పేరు వినగానే అతని నోట ఆ మాట వచ్చింది. మంచివారి నోట కూడ వస్తుంది, అందుకే జాగ్రత్త. ఫిలిప్పు అతనితో వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. ఆ పేరునే తీసుకొని మరొకలా విప్పిన పండితులున్నారు – నజరేతులో 'నేట్సెర్', అంటే చిగురు, అనే హెబ్రీ మాట వినిపిస్తుందని, యెష్షయి వేరులనుండి లేచే చిగురును యెషయా ముందే చూచాడని. ఒకే పేరు: ఒకడు దానిలో హీనత చూచాడు, ఒకడు చిగురు చూచాడు.

కనుక పిల్లలకు ఒక కొలత ఇవ్వండి. మీరు వేసే పొడుపు ఆ స్టేషనులో బండి ఎక్కే మనిషి ముందు వేయగలరా? వాడు కూడ నవ్వితే అది మంచి పొడుపు. వాడు తల వంచుకుంటే దానిని అక్కడే వదిలేయండి. కులం పేర్లున్న ఊళ్ళతోను, ఇతరుల పుణ్యక్షేత్రాలతోను వెటకారం ఆడవద్దు. పొరుగువాని మనస్సు గాయపరచి మనము నేర్పే తెలుగు ఏమి తెలుగు!

ఇంట్లో ఎలా ఆడాలి?

పందెం వద్దు. ఓడినవాడే తరువాతి పొడుపు వేయాలన్న నియమం పెట్టండి. ఓటమి అప్పుడు వంతు అవుతుంది. మొదటి పొడుపు ఇంట్లో అందరికంటె పెద్దవారు వేయాలి, జవాబు మొదట అందరికంటె చిన్నవారికి వదలాలి. మూడు తప్పు జవాబుల తరువాత ఒక ఆనవాలు ఇవ్వాలి – ఏ జిల్లా, ఏ నది పక్కన, ఎన్ని అక్షరాలు.

జవాబు వచ్చిన తరువాత ఆట ఆపవద్దు. ఒక నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయండి. మొదటి వరుసలో ఆటలో చెప్పుకున్న అర్థం, రెండవ వరుసలో ఆ ఊరివారు చెప్పే అర్థం. రెండవ వరుస నింపడానికి పిల్లలు ఆ ఊరి చుట్టాన్ని అడగాలి, అత్తయ్యకో మామయ్యకో ఫోను చేయాలి. పలకరింపులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో అది కూడ మేలే. రాత్రి ప్రార్థనలో ఆ రోజు విప్పిన ఊరిని పేరుపెట్టి తలచుకోండి. మ్యాపు మీద చుక్కగా ఉన్నది అప్పుడు మనుష్యులున్న ఊరు అవుతుంది.

మీకోసం పన్నెండు

1. ఒరలోని కత్తిని ఏమి చేశాడు? రెండక్షరాలు. శ్రీకాకుళం రోడ్డు పక్క స్టేషను.

2. వంకాయకు ముందు వస్తుంది, ద్రాక్షకు తరువాత వస్తుంది.

3. పేరు చేతికి తొడుక్కునే నగ; ఊరు అమ్మేది పూలమొక్కలు.

4. చెవులు లేని కొండకు ఆజ్ఞ ఇస్తున్నారు.

5. ఎవరినీ పల్లెత్తు మాట అనని పల్లి.

6. పాండవులలో బలవంతుడు వాయించేది.

7. తెల్లవారగానే వాకిలి చిమ్మేది ముందు, పల్లి వెనుక.

8. పేరుకు పల్లె, 2016 నుండి జిల్లా కేంద్రం.

9. పాలను నీళ్ళను వేరుచేసే పక్షి ఇచ్చిన వరం.

10. వెనుక 'బాటు' చేర్చితే మాట తొట్రుపడుతుంది. తమిళనాడు సరిహద్దు దగ్గర.

11. ఇంగ్లీషు తలుపుతో మొదలవుతుంది. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్యగారి పీఠం అక్కడే.

12. యిర్మీయా చూచిన చెట్టు ఈ స్టేషనులో ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర వెదకండి.

జవాబులు: 1. దూసి. 2. గుత్తి. 3. కడియం. 4. వినుకొండ. 5. అనకాపల్లి. 6. భీమడోలు. 7. చీపురుపల్లి. 8. పెద్దపల్లి. 9. హంసవరం. 10. తడ. 11. డోర్నకల్. 12. బాదంపూడి.

చివరగా ఒక మాట. యెహోషువ కాలములో ఒక లోయకు ఆకోరు అని పేరు పెట్టారు; ఆకోరు అంటే బాధ. ఆకాను పాపము ఇశ్రాయేలుకు బాధ తెచ్చినందున ఆ పేరు నిలిచింది (యెహోషువ 7). తరతరాలు ఆ లోయ పక్కగా నడిచిన ప్రతివాడూ ఆ పేరు పలికాడు. అనేక సంవత్సరాల తరువాత హోషేయ నోట దేవుడు ఆ బాధ లోయనే నిరీక్షణ ద్వారముగా చేసెదనన్నాడు (హోషేయ 2:15). లోయ మారలేదు, పేరూ మారలేదు. దేవుడు దానిని విప్పిన తీరు మారింది.

మన పిల్లలు దాటిపోయే ప్రతి బోర్డు వెనుక ఒక ఊరున్నది. ఆ ఊరిలో బాధ ఉన్నది, దానికి ద్వారమూ ఉన్నది. తెలుగు వరుసను చదివించండి. పేరును విప్పించండి. విప్పిన పేరును ప్రేమించడం నేర్పించండి. ప్రభువు మీ కుటుంబాలను, మీ ప్రయాణాలను దీవించును గాక. ఆమేన్.